రిపోర్టు నెగెటివ్ వచ్చినా పాపకు టీబీయే

పిల్లల డాక్టరుగా నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "పరీక్షలో ఏమీ లేదన్నారు కదా డాక్టర్ గారూ, మరి టీబీ మందులెందుకు?" తల్లిదండ్రులు అలా అడగడంలో తప్పేమీ లేదు. పసిపిల్లకు నెలల తరబడి మందు పట్టాలంటే ఎవరికైనా టెన్షనే. ఇదే మాట తోటి డాక్టర్ల నోట విన్నప్పుడు మాత్రం నాకు కోపం వస్తుంది. చిన్నపిల్లల టీబీలో పరీక్ష నెగెటివ్ రావడం మామూలు సంగతి. పాజిటివ్ వచ్చిందంటే అదే విశేషం. ఇది తెలిసి కూడా "పాజిటివ్ వచ్చాక చూద్దాం" అని బిడ్డను ఇంటికి పంపేయడాన్ని నేను జాగ్రత్త అనుకోలేను. అది చికిత్స చేయకపోవడమే.

నెగెటివ్ ఎందుకు వస్తుందో ముందు చెప్పాలి. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో టీబీ ముదిరితే అక్కడి కండ కుళ్లి గుల్లలు పడతాయి. ఆ గుల్లల్లో సూక్ష్మజీవులు కోట్లలో పెరుగుతాయి, దగ్గినప్పుడల్లా కళ్లెతో పాటు బయటికి వస్తాయి. అందుకే 1882లో రాబర్ట్ కాక్ ఆ సూక్ష్మజీవిని చూపించిన నాటి నుంచి మైక్రోస్కోపు మన ప్రధాన ఆయుధమైంది. కానీ మైక్రోస్కోపు కంటికి ఆనాలంటే ఒక మిల్లీలీటరు కఫంలో కనీసం 5,000 నుంచి 10,000 దాకా సూక్ష్మజీవులు ఉండాలి. చిన్నపిల్లల్లో జబ్బు తీరే వేరు. ఊపిరితిత్తిలో ఎక్కడో చిన్న మచ్చలా మొదలై, ఛాతీ లోపలి లింఫు గ్రంథులు ఉబ్బుతాయి. గుల్లలు పడవు, సూక్ష్మజీవుల సంఖ్యా తక్కువే. అయినా ఆ కొద్దిపాటివే చిన్న ఒంటిని కూలదోయడానికి చాలు.

పైగా నాలుగేళ్ల పిల్లను కళ్లె ఉమ్మమంటే ఉమ్మలేదు. వచ్చిన కఫాన్ని వచ్చినట్టే మింగేస్తుంది. అందుకే పొద్దున్నే పరగడుపున ముక్కులోంచి సన్నటి గొట్టం పొట్టలోకి దించి, రాత్రంతా మింగిన కఫాన్ని లాగి పరీక్షకు పంపుతాం. అలా వరుసగా రెండు మూడు రోజులు చేయాలి. ఉప్పునీటి ఆవిరి పట్టి కఫం తెప్పించే పద్ధతీ ఉంది. పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తారు, తల్లులు గది బయట నిలబడలేకపోతారు, నర్సులు చెమటలు కక్కుతారు. ఇంత చేసి మంచి ల్యాబులో కల్చర్ పెట్టించినా, అంటే ఆ కఫంలోని సూక్ష్మజీవిని పెంచి చూసినా, లక్షణాలను బట్టీ ఎక్స్‌రేను బట్టీ టీబీ అని తేల్చిన పిల్లల్లో సగం మందిలో కూడా సూక్ష్మజీవి దొరకదు. కల్చర్ ఫలితం వచ్చేసరికి వారాలు గడిచిపోతాయి కూడా.

ఈ మధ్య వచ్చిన మార్పుల్లో నాకు మనస్ఫూర్తిగా నచ్చింది మలం పరీక్ష. మింగిన కఫం చివరికి మలంలోకే చేరుతుంది కాబట్టి, అందులో టీబీ సూక్ష్మజీవి డీఎన్‌ఏ దొరుకుతుందేమో జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రంలో చూస్తారు. గొట్టం అక్కర్లేదు, ఏడుపు అక్కర్లేదు. పిల్లల విషయంలో ఈ పరీక్ష చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పాజిటివ్ వస్తే గంటల్లో తేలిపోతుంది, టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు సూక్ష్మజీవి లొంగుతుందో లేదో కూడా తెలుస్తుంది. ప్రతి బిడ్డకూ చేయించాల్సిందే. అయితే అదీ నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని కాదు.

ఇంత తేలిగ్గా అర్థమయ్యే విషయం ఆసుపత్రుల్లో ఎందుకు ఇంకలేదు? నా ఉద్దేశంలో ఇందుకు కారణం టీబీ కార్యక్రమాలు పుట్టిన తీరులోనే ఉంది. దశాబ్దాల పాటు ప్రపంచమంతటా వాటి లక్ష్యం ఒక్కటే. కఫంలో సూక్ష్మజీవి కనిపించిన పెద్దవాళ్లను పట్టుకుని మందులిస్తే జబ్బు పాకడం ఆగుతుందని. లెక్క సరైనదే. చిన్నపిల్లల దగ్గులో సూక్ష్మజీవులు పెద్దగా ఉండవు గనక వాళ్ల నుంచి ఇంకొకరికి సోకడం అరుదు. అంటే జబ్బు గొలుసును తెంచాలనుకునే వాళ్లకు పిల్లవాడు ఆ గొలుసులో ఆఖరి కొండి. వాడికి చికిత్స చేసినా, చేయకపోయినా గ్రాఫు కదలదు. అలా వాడు పట్టింపులోంచి జారిపోయాడు. వాడి జబ్బు ఇంకొకరికి అంటకపోయినా, ప్రాణం పోయేది వాడిది. ఈ మాట ఎవరో ఒకరు గట్టిగా అనాలి.

లెక్కలు చూస్తే నిర్లక్ష్యం ఎంత లోతుగా ఉండేదో తెలుస్తుంది. పిల్లల్లో టీబీ ఎంతమందికి వస్తోందో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడిగా అంచనా వేసి ప్రకటించింది తొలిసారి 2012లో. అప్పుడు చెప్పింది ఏటా సుమారు 5 లక్షల మంది అని. ఇప్పుడు 15 ఏళ్ల లోపు పిల్లల్లో ఏటా 12 లక్షలకు పైగా అంటున్నారు, మొత్తం టీబీ రోగుల్లో దాదాపు 12 శాతం. ఈ మధ్యలో జబ్బు రెట్టింపు కాలేదు. వెతకడం మొదలుపెట్టాక కనిపించారు, అంతే. 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, 2015లో 15 ఏళ్ల లోపు పిల్లలు దాదాపు 2,39,000 మంది టీబీతో చనిపోయారని లెక్కగట్టింది. వాళ్లలో నూటికి 80 మంది ఐదేళ్ల లోపు వాళ్లు. ఆ చనిపోయిన పిల్లల్లో నూటికి 96 మందికి టీబీ మందు ఒక్క మోతాదు కూడా అందలేదన్నది ఆ అధ్యయనం అంచనా. మందు పనిచేయక పోయిన ప్రాణాలు కావవి. టీబీ అని ఎవరూ పేరు పెట్టక పోయినవి.

చికిత్స చేస్తే ఏమవుతుంది, చేయకపోతే ఏమవుతుంది? మందులు లేని కాలం నాటి రికార్డులన్నీ కూర్చి చూసిన మరో విశ్లేషణ కూడా 2017లోనే వచ్చింది. చికిత్స అందని ఐదేళ్ల లోపు పిల్లల్లో మరణాలు నూటికి 43 దాకా ఉన్నాయి. ఇప్పటి మందులు అందిన, హెచ్‌ఐవీ లేని పిల్లల్లో ఒక శాతం లోపే. ఇంత తేడా చూపించే చికిత్సలు వైద్యంలో ఎన్ని ఉన్నాయి చెప్పండి?

వయసు తగ్గే కొద్దీ మనకు గడువు కూడా తగ్గిపోతుంది. ఏడాది నిండని బిడ్డకు ఇంట్లో ఎవరి నుంచో సూక్ష్మజీవి సోకి, నివారణ మందు కూడా పడలేదనుకోండి. జబ్బుగా మారే అవకాశం దాదాపు సగానికి సగం. పదిమందిలో ఒకరిద్దరికి అది మెదడు పొరలకో ఒళ్లంతటికో పాకుతుంది. ఐదు నుంచి పదేళ్ల మధ్య పిల్లల్లో ఆ ముప్పు బాగా తక్కువ, యుక్తవయసు దగ్గరపడే కొద్దీ మళ్లీ పెరుగుతుంది. స్వీడన్ పిల్లల వైద్యుడు ఆర్విడ్ వాల్‌గ్రెన్ 1948లోనే దీన్ని టైంటేబుల్‌లా గీసి చూపించాడు. సోకిన తర్వాత మొదటి కొద్ది నెలల్లోనే మెదడు టీబీ, ఒళ్లంతా పాకే టీబీ వస్తాయని, చాలామంది పిల్లల్లో జబ్బు ఏడాదిలోపే బయటపడుతుందని. అంటే "రెండు నెలలాగి మళ్లీ చూద్దాం" అని మనం వాయిదా వేసే ఆ రెండు నెలలే పసిబిడ్డకు అన్నిటికంటే ప్రమాదమైనవి.

మెదడు టీబీతో వచ్చిన పిల్లలను చూసినవాళ్లెవరూ ఈ విషయం నింపాదిగా మాట్లాడలేరు. రెండేళ్లు నిండని ఒక బాబు ఫిట్స్‌తో, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయి మా దగ్గరికి వచ్చాడు. అంతకుముందు వారాల తరబడి జ్వరం, అప్పుడప్పుడు వాంతులు, ఊరికే చిరాకు పడటం, ఆడుకోకుండా ఒడిలోనే పడి ఉండటం. వేరే చోట్ల చూపించారు. ఒకచోట నెమ్ము అన్నారు, ఇంకోచోట పళ్లు వస్తున్నాయన్నారు. ప్రతిచోటా ఒక యాంటీబయాటిక్ సిరప్. టీబీ సూక్ష్మజీవి సోకిందేమో చర్మంలో సూదిమందు వేసి చూసే మాంటూ పరీక్ష ఎవరో చేయించారు గానీ నెగెటివ్ వచ్చిందని పక్కన పెట్టేశారు. వాళ్ల తాతగారు అప్పటికి కొన్ని నెలలుగా దగ్గుతున్నారు. ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా అని ఆ తల్లిని అంతదాకా ఒక్కరూ అడగలేదట. బాబు బతికాడు. కుడిచెయ్యి పూర్తిగా రాలేదు, మాటలు చాలా ఆలస్యంగా వచ్చాయి. మెదడు టీబీకి చికిత్స అందిన పిల్లల్లో కూడా ఐదుగురిలో ఒకరు చనిపోతారు, బతికినవాళ్లలో సగానికి పైగా ఏదో ఒక లోపంతో మిగులుతారు. ఈ జబ్బును ఎంత తొందరగా పట్టుకున్నామన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

మరి పరీక్ష దారి చూపనప్పుడు దేన్ని నమ్మాలి? అన్నిటికంటే ముందు ఇంటిని. గత ఏడాదిలో ఇంట్లో గానీ, బిడ్డను రోజూ ఎత్తుకుని తిరిగేవాళ్లలో గానీ ఎవరికైనా టీబీ ఉందా, ఎవరైనా వారాలుగా దగ్గుతున్నారా, ఎవరైనా చిక్కిపోతున్నారా? నా దృష్టిలో ఈ ప్రశ్నలు ఏ ఎక్స్‌రేకూ తీసిపోవు. చాలామంది వెంటనే లేదంటారు. తొందరపెట్టకుండా ఒక్కొక్కరి పేరూ అడిగితే అప్పుడు గుర్తొస్తుంది, "మా ఆడపడుచుకు ఆర్నెల్లు ఏవో మందులు వాడారండీ" అని.

తర్వాత బరువు. టీకాల కార్డులోని బరువు గీత నెలల తరబడి అడ్డంగా సాగిందా, కిందికి దిగిందా? పిల్లలు బరువు తగ్గడం కంటే పెరగాల్సినంత పెరగకపోవడమే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే తల్లి కూడా "ముందునుంచీ సన్నమేనండీ" అంటుంది. రెండు వారాలు దాటినా, మామూలు మందులకు తగ్గని దగ్గు. కారణం తెలియని జ్వరం. మెడ పక్కన నొప్పి లేకుండా పెరిగి వారాలు గడిచినా కరగని బిళ్లలు. వెన్నెముకలో కొత్తగా తేలిన గూను. నిన్నటిదాకా గెంతులేసిన పిల్ల ఆట మానేసి మూలన కూర్చోవడం. ఈ ఆఖరిదాన్ని డాక్టర్లు కేస్ షీట్‌లో రాయరు. తల్లులు మాత్రం ముందుగా చెప్పేది అదే.

ఛాతీ ఎక్స్‌రేలో ఉబ్బిన గ్రంథులు, ఒళ్లంతా పాకిన టీబీలో ఆవాలు చల్లినట్టుండే చుక్కలు కనిపిస్తే సగం దారి దొరికినట్టే. ఎక్స్‌రే ముందు నుంచి మాత్రమే కాక పక్క నుంచి కూడా తీయించడం మంచిది, గుండె చాటున దాగిన గ్రంథులు అందులోనే బయటపడతాయి. మాంటూ పరీక్ష చెప్పేది సూక్ష్మజీవి ఎప్పుడో సోకిందని మాత్రమే, జబ్బు ఉందని కాదు. తిండి అందక చిక్కిపోయిన బిడ్డలో, తీవ్రమైన టీబీ ఉన్న బిడ్డలో అది నెగెటివ్‌గా రావచ్చు. ఆ బాబులో జరిగింది అదే. బీసీజీ టీకా వేయించాం కదా అన్న ధీమా కూడా వద్దు. 1921లో తొలిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చిన ఆ టీకా మెదడు టీబీ నుంచి, ఒళ్లంతా పాకే టీబీ నుంచి చాలామందిని కాపాడుతుంది, అందరినీ కాదు. ఊపిరితిత్తుల టీబీని ఆపుతుందన్న నమ్మకం అసలు లేదు.

ఇవన్నీ కలిపి ఆలోచించి "ఇది టీబీ" అని చెప్పడాన్ని ఊహ అనేవాళ్లున్నారు. కాదు, అది రోగ నిర్ధారణే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పదేళ్ల లోపు పిల్లల కోసం ఒక నిర్ణయ పద్ధతిని తెచ్చింది. వేర్వేరు దేశాల్లో నాలుగు వేల మందికి పైగా పిల్లల వివరాలను విశ్లేషించి, ఒక్కో లక్షణానికీ ఎక్స్‌రేలో కనిపించే ఒక్కో మార్పుకీ మార్కులిచ్చారు. మొత్తం 10 దాటితే మందులు మొదలుపెట్టమంటుంది. ఎక్స్‌రే లేనిచోట వాడుకోవడానికి వేరే పట్టిక ఇచ్చారు. రెండేళ్ల లోపు పిల్లలు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, బాగా చిక్కిపోయినవాళ్లు అయితే ఆగకుండా మార్కులు వేసి నిర్ణయించమంటుంది. మిగతావాళ్లకు వేరే జబ్బు అనిపిస్తే దానికి వైద్యం చేసి, ఒకటి రెండు వారాల్లో తప్పకుండా మళ్లీ చూడమంటుంది. సూక్ష్మజీవి దొరకలేదన్న ఒక్క కారణంతో చికిత్స ఆపమని మాత్రం ఎక్కడా అనదు.

అవసరం లేని పిల్లలకు కూడా మందులు పడిపోవా? పడతాయి, కొందరికి. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. దగ్గిన ప్రతి బిడ్డకూ టీబీ మందులు రాసేవాళ్లున్నారు, అదీ అన్యాయమే. ఉబ్బసమో, మింగిన గింజ శ్వాసనాళంలో ఇరుక్కోవడమో, పుట్టుకతో వచ్చిన గుండె జబ్బో టీబీ పేరు కింద మరుగున పడిపోవచ్చు. "ఒక నెల వాడి చూద్దాం, తగ్గితే టీబీ అనుకుందాం" అనే పద్ధతి మరీ తప్పు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ వేరే సూక్ష్మజీవులను కూడా చంపుతుంది, కొన్ని జబ్బులు వాటంతటవే తగ్గిపోతాయి, తగ్గిందంటే దాన్ని బట్టి ఏమీ తేలదు. ఆలోచించి నిర్ణయించాలి, మొదలుపెట్టాక పూర్తి చేయాలి, నడుమ వేరే జబ్బని స్పష్టంగా తేలితేనే ఆపాలి. ఇంత జాగ్రత్త పడ్డాక కూడా కొన్నిసార్లు అక్కర్లేని కోర్సు పడుతుంది. రెండు పొరపాట్లనూ ఎదురెదురుగా పెట్టి చూడండి. ఒకదానిలో బిడ్డ కొన్ని నెలలు మందులు మింగుతుంది, ఆ మందులను పిల్లలు పెద్దవాళ్ల కంటే బాగా తట్టుకుంటారు. రెండోదానిలో బిడ్డ మిగలకపోవచ్చు.

ఆ కొన్ని నెలలు కూడా ఇప్పుడు తగ్గాయి. ఉగాండా, జాంబియా, దక్షిణాఫ్రికా, భారతదేశాల్లో 1,204 మంది పిల్లలతో జరిగిన షైన్ ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. తీవ్రంగా లేని టీబీకి నాలుగు నెలల మందులు ఆరు నెలల మందులతో సమానంగా పనిచేశాయి. 3 నెలల నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు ఆ నాలుగు నెలల కోర్సును ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది. ఆ ట్రయల్‌లో చేరిన పిల్లల్లో ఎక్కువమందికి సూక్ష్మజీవి దొరకలేదు, డాక్టర్లు లక్షణాలను బట్టే టీబీ అని తేల్చారు. పిల్లల టీబీ మీద జరిగిన పెద్ద పరిశోధనకే ఆ నిర్ణయం సరిపోయినప్పుడు మన ఓపీ గదిలో ఎందుకు సరిపోదు? తీవ్రమైన వాటికి ఆరు నెలలు, మెదడు టీబీకి సాధారణంగా ఏడాది వాడాలి.

మందు పట్టడం కూడా మునుపటంత నరకం కాదు. ఒకప్పుడు పెద్దవాళ్ల మాత్రను విరిచి, నూరి, చేదు చేదుగా నోట్లో కుక్కేవాళ్లు. విరిచిన ముక్కలో ఏ మందు ఎంత పోయిందో దేవుడికే తెలియాలి. 2015 చివర్లో పిల్లల కోసమే చేసిన, నీళ్లలో కరిగే, పండ్ల రుచి గల మాత్రలు వచ్చాయి. ఒక్కో మాత్రలో రిఫాంపిసిన్ 75, ఐసోనయాజిడ్ 50, పైరజినమైడ్ 150 మిల్లీగ్రాములు. నాలుగు నుంచి ఏడు కిలోల బిడ్డకు ఒకటి, ఎనిమిది నుంచి పదకొండు కిలోల బిడ్డకు రెండు, అలా బరువును బట్టి పెరుగుతుంది. పిల్లల ఒళ్లు ఈ మందులను పెద్దవాళ్ల కంటే తొందరగా ఖర్చు చేసేస్తుంది. అందుకే కిలోకు ఇంత చొప్పున లెక్కేస్తే పిల్లలకే ఎక్కువ పడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఐసోనయాజిడ్ మోతాదును కిలోకు 5 నుంచి 10 మిల్లీగ్రాములకు పెంచింది ఇందుకే. "చిన్నపిల్ల కదా, కాస్త తగ్గించి ఇద్దాం" అనే జాలి ఇక్కడ పనికిరాదు.

ఇంట్లో భయపెట్టే సంగతులు రెండు మూడున్నాయి. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రిఫాంపిసిన్ రంగే, కంగారు పడక్కర్లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం మందులు ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి రావాలి. కాలేయం దెబ్బతినడం పిల్లల్లో అరుదు, కానీ జరిగితే ఆలస్యం చేయకూడదు. సరిగ్గా నడుస్తున్న చికిత్సలో ముందు తిరిగొచ్చేది ఆకలి, ఆ వెనకే ఆట. ఒకటి రెండు నెలల్లో బరువు ముల్లు కదలాలి. కదిలితే మోతాదు మళ్లీ లెక్కేయాలి, బిడ్డ ఒళ్లు చేసిన కొద్దీ మాత్రలు పెరగాలి. కదలకపోతే మందు సరిగ్గా పడుతోందా, వేరే జబ్బా, మందుకు లొంగని టీబీయా అని వెతకాలి.

మందుకు లొంగని టీబీలో పిల్లలు మరింత వెనకబడి ఉన్నారు. అలాంటి టీబీకి వాడే బెడాక్విలిన్ అనే మందు పెద్దవాళ్లకు 2012లో ఆమోదం పొందితే, అన్ని వయసుల పిల్లలకూ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2022లో. పదేళ్లు. ఆ పదేళ్లలో ఎంతోమంది పిల్లలు వినికిడిని దెబ్బతీసే ఇంజెక్షన్లే నెలల తరబడి పొడిపించుకున్నారు. కొత్త మందుల ప్రయోగాల్లో పిల్లలను ఆఖరున కాకుండా మొదటినుంచే చేర్చుకోవాలని పిల్లల డాక్టర్లు అడుగుతున్నది ఇందుకే.

అసలు జబ్బే రాకుండా ఆపే దారి కూడా మన చేతిలో ఉంది. ఇంట్లో పెద్దవాళ్లకు టీబీ అని తేలిన రోజునే ఆ ఇంటి పిల్లలందరినీ చూడాలి. జబ్బు లక్షణాలున్నవాళ్లకు చికిత్స, లేనివాళ్లకు నివారణ మందు. ఆరు నెలల ఐసోనయాజిడ్ గానీ, మూడు నెలల ఐసోనయాజిడ్, రిఫాంపిసిన్ కలిసిన మాత్రలు గానీ. దీనికి మాంటూ కూడా తప్పనిసరి కాదు, ఐదేళ్ల లోపు పిల్లలకైతే అసలు ఆగకూడదు. ఆ తాతగారి దగ్గును ఎవరైనా సమయానికి పట్టించుకుని ఉంటే ఆ బాబుకు దక్కాల్సింది ఇదే. నేను తోటి డాక్టర్లను అడిగేది చిన్న పని. పెద్దవాళ్ల టీబీ ఫైలు తెరిచినప్పుడు, మందుల పట్టీ రాయకముందే, ఆ ఇంట్లోని పిల్లల పేర్లూ వయసులూ మొదటి పేజీలో రాయండి. ఒక్కో పేరు పక్కనా ఆ బిడ్డను ఏ తేదీన చూశారో రాసేదాకా ఆ ఫైలు మూయకండి.